అమ్మను అమెరికా నుంచి కావలికి తెచ్చుకున్నాం, మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నా

మీ ప్రశ్న చదివితే మా ఇల్లే గుర్తొచ్చింది. మీ అమ్మకి 76, అమెరికాలో మీ అన్నయ్య దగ్గర గ్రీన్ కార్డు మీద ఉంది, అన్నయ్యా వదినా ఆఫీసులకి పోతే పగలంతా ఒక్కతే, ఒంగోల్లో మీ ఇంటికి తెచ్చుకుందామంటే నాన్న లేకుండా అల్లుడింట్లో ఉండటానికి ఒప్పుకుంటుందా, కాగితాల పని ఎంత ఉంటుంది అని గదా అడిగారు. మాదీ దాదాపు ఇదే కథ. ఆరేళ్ళు న్యూజెర్సీలో ఉన్న మా అమ్మని 2024 నవంబర్లో తీసుకొచ్చాం, అప్పటికి ఆమెకి 78.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తా. గ్రీన్ కార్డు ఇప్పుడే వదిలేయొద్దు. ఏడాది దాటి బయట ఉంటే అక్కడి నివాసం వదులుకున్నట్టే లెక్కేస్తారు, ఆరు నెలలు దాటినా ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు వేయొచ్చు. అందుకే, ఎక్కువ కాలం బయట ఉన్నా మళ్ళీ వెనక్కి పోవడానికి రీ-ఎంట్రీ పర్మిట్ అని ఒకటుంది, ఐ-131 ఫారంతో అడగాలి, రెండేళ్ళ దాకా ఇస్తారు. అది అమ్మ అమెరికాలో ఉండగానే పెట్టాలి, ఇక్కడికి వచ్చాక కుదరదు, పైగా వేలిముద్రలకి పిలుస్తారు. మేము ఇది తెలియక టికెట్లు ముందు కొనేసి, మళ్ళీ తేదీ మార్చుకోవడానికి డబ్బు కట్టాం. అయినా ఆ పర్మిట్ తీసుకోవడమే మేము చేసిన మంచి పని, ఎందుకంటే 'కుదరకపోతే వెనక్కి పోవచ్చు' అన్న ధైర్యం అమ్మకి ఉండింది. ఇక్కడే ఉండిపోవాలని ఆమె గట్టిగా అనుకున్నాక ఐ-407 ఫారం ఇచ్చి కార్డు వదులుకోవచ్చు, తొందరేం లేదు. ఒకవేళ మీ అమ్మ అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం దారి వేరు, విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు చేయించుకోవాలి, పాత ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసిన కాగితం కూడా కావాలి.

అక్కడి ప్రభుత్వం పెద్దవాళ్ళకిచ్చే ఇన్సూరెన్స్, మెడికేర్, మామూలుగా ఇక్కడి ఆస్పత్రి ఖర్చుకి పనికిరాదు. 2024 ఏప్రిల్ నుంచి ఇక్కడ ఆరోగ్య ఇన్సూరెన్స్ కొత్తగా తీసుకోవడానికి 65 ఏళ్ళ అడ్డు తీసేశారు గానీ, ముందే ఉన్న బీపీ, షుగర్ లాంటివాటికి మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు. 70 దాటిన వాళ్ళకి ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత వైద్యం ఉంది, మీ అమ్మ ఇండియన్ పౌరురాలే అయితే ఆధార్ సరిచూసుకుని అది అడగండి. బయల్దేరేముందు మూడు నెలల మాత్రలు తెచ్చుకోమనండి, చీటీలో బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించండి. అక్కడి బ్రాండ్ పేరు చూసి మా వీధి మందుల షాపతను అరగంట ఫోన్లో వెతికాడు పాపం.

ఇక అసలు విషయం. అన్నయ్యా నేనూ ఫోన్లో మాట్లాడుకుని అన్నీ ఖాయం చేసుకుని, టికెట్ కొన్నాక అమ్మకి చెప్పాం. సంతోషపడుతుందనుకున్నా. "నన్నెవరూ అడగలా" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో అడ్డంపడినట్టే ఉంటుంది.

వచ్చిన మూడో రోజు రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే వంటింట్లో ఏదో అలికిడి. అమ్మ చీకట్లో కింద కూర్చుని, చెంబులో నీళ్ళల్లో బిస్కెట్ ముంచుకుని తింటోంది. ఆమె పొట్టకి అది ఇంకా న్యూజెర్సీ మధ్యాహ్నమే గదా, ఆకలేసింది. లైటెందుకు వేసుకోలేదమ్మా అంటే, "అబ్బాయి లేస్తాడని" అంది. అబ్బాయి అంటే మా ఆయన. అప్పటిదాకా గమనించలేదు నేను, ఆయన హాల్లో ఉంటే ఆమె గదిలోంచి రాదు, ఆయన తిన్నాకే తింటుంది, కాళ్ళనొప్పి ఉన్నా ఆయన ముందు కూర్చోదు. ఎన్నిసార్లు మీ ఇల్లే అనుకోండి అన్నా ఆ తరం వాళ్ళకి అల్లుడిల్లు అల్లుడిల్లే.

దాన్ని మార్చింది నేను కాదు, మా ఆయనే. ఒకరోజు పొద్దున "అత్తయ్యా, పాల లెక్క నాకు కుదరడంలా, ఈ నెల నుంచి మీరే చూడండి" అని క్యాలెండరూ పెన్నూ ఆమె చేతికిచ్చాడు. ఇప్పుడు పాలావిడతో బేరం, నీళ్ళు కలిపావా అని దబాయింపు, తేదీ కింద అర లీటరుకి ఒక గీత, లీటరుకి రెండు గీతలు, అంతా ఆమెదే. నెలాఖరున నాన్న పెన్షన్ డబ్బుల్లోంచి తనే కడుతుంది. మొదట్లో నీ డబ్బులెందుకమ్మా అని నేను వద్దన్నా, అది తప్పు. మీరు ఆ తప్పు చేయొద్దు, తన ఖర్చు తను పెట్టుకుంటేనే ఆమెకి తల ఎత్తుకుని ఉన్నట్టు ఉంటుంది.

మీ ఇంట్లో బాత్రూమ్ పని మాత్రం ఆమె రాకముందే చేయించండి, గోడకి పట్టుకునే కడ్డీలు, జారని టైల్స్, వెస్ట్రన్ కమోడ్. నెల కూడా మంచిది చూసుకోండి. మేము నవంబర్ వానల్లో తెచ్చి, చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి కావలి దాకా కార్లో ఆ వయసు మనిషిని చాలా ఇబ్బంది పెట్టాం, మీకు ఒంగోలు ఇంకా దూరం. సంక్రాంతి అయ్యాక, ఎండలు ముదరకముందు అయితే నయం. మనవడి మీద బెంగ ఉంటుంది, అది పోదు, రోజూ సాయంత్రం, అక్కడ వాడు స్కూలుకి పోయేముందు, వీడియో కాల్ మాత్రం తప్పనివ్వం.

చివరగా, ఒప్పుకుంటుందా అన్నారు గదా. మీరు పిలిస్తే బహుశా వద్దంటుంది. మీ ఆయన చేత ఫోన్ చేయించండి, ఈ ఆదివారమే, మీరు పక్కన లేకుండా. "మీరు రావాలి అత్తయ్యా" అని ఆయన నోటివెంట వినాలి ఆమె. ఆమె సరే అన్నాక మీ అన్నయ్యతో పర్మిట్ సంగతి మాట్లాడండి, టికెట్ ఆ తర్వాతే.