సినిమా సమీక్షలు రాయబోతున్న మా బిడ్డకు

చిరంజీవి బిడ్డకు, హనుమకొండ నుంచి మీ పెద్దబాపు ఆశీస్సులతో రాయునది.

నువ్వు పంపిన సమీక్షను రెండుసార్లు చదివాను. కథను క్లుప్తంగా చెప్పావు, నటీనటుల పేర్లు తప్పులు లేకుండా రాశావు, నేపథ్య సంగీతం బాగుందన్నావు, రెండో సగం సాగదీశారన్నావు. అన్నీ నిజాలే కావచ్చు గానీ, వాటిలో నువ్వెక్కడా కనిపించలేదు. మా రోజుల్లో సెకండ్ షో వదిలాక చౌరస్తా దాకా నడుస్తూ దారి పొడవునా వాదించుకునేవాళ్లం. ఇంటికి చేరినా తెగని ఆ వాదన, తర్వాత పత్రికలో సమీక్ష పడగానే మళ్లీ రాజుకునేది. సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్లు సమీక్షను టికెట్టు కొనాలా వద్దా అని తేల్చుకోవడానికే చదవరు. సినిమా చూసి వచ్చాక కూడా చదువుతారు. తన అభిప్రాయాన్ని దాచుకోకుండా, చమత్కారంగా, సూటిగా రాసే సమీక్షకుడు మాకు ఆ రాత్రి నడకలో తోడు నడిచిన మనిషిలాగే అనిపించేవాడు.

అతనితో మనం ఏకీభవించాలనేమీ లేదు. అమెరికాలో పౌలీన్ కేల్ 1968 నుంచి 1991 వరకు న్యూయార్కర్ పత్రికకు సినిమా విమర్శ రాసింది. ఆమె తీర్పులను ఒప్పుకోని పాఠకులు సైతం ఆమెను చదవడం మానలేదు, ఎందుకంటే ఒక సినిమా తనకు ఎందుకు నచ్చిందో, ఎక్కడ ఒళ్లు మండిందో ఆమె దాపరికం లేకుండా చెప్పేది. మన భాషలో ముళ్లపూడి వెంకటరమణ సినిమాలకు రచన చేయడానికి ముందు ఆంధ్రపత్రికలో సమీక్షలు రాశారు. కొడవటిగంటి కుటుంబరావు కథలతో పాటు సినిమా మీద వ్యాసాలూ రాశారు. వారి వాక్యాలు ఎంత పొట్టిగా ఉండి ఎంత పని చేస్తాయో చూడటానికైనా వారిని చదువు.

చమత్కారం విషయంలో మాత్రం నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదు. ఇరవై ఆరేళ్ల వయసులో ఇక్కడి ఒక చిన్న పత్రికకు రాస్తూ, ఒక సినిమా గురించి "విరామంలో తిన్న మిర్చిబజ్జీకి ఉన్న ఘాటు ఈ సినిమాకు లేదు" అన్నాను. చాయ్ హోటళ్లలో ఆ మాట చెప్పుకుని నవ్వారు, నేనూ పొంగిపోయాను. వారం తిరగకముందే నాతో పాటు పాఠాలు చెప్పే మిత్రుడొకరు "ఏ సన్నివేశం చప్పబడిందో, ఎందుకు చప్పబడిందో చెప్పు" అని అడిగితే ఒక్కటీ చెప్పలేకపోయాను. ఆ వాక్యం ఏ సినిమాకైనా అతుకుతుంది కనుక అది ఏ సినిమా గురించీ కాదు. అప్పటి నుంచి చమత్కారం తోచిన ప్రతిసారీ దానికి వేరే సినిమా పేరు తగిలించి చదివేవాణ్ణి. అప్పటికీ వాక్యం నిలబడితే కొట్టేసేవాణ్ణి. నటుల ఒడ్డూ పొడుగూ, ఒంటి రంగూ మీద విసుర్లు అసలే వద్దు. అవి విమర్శ కిందికి రావు.

2023లో వచ్చిన బలగం మన పక్క ఊళ్ల కథ కాబట్టి దాన్నే తీసుకుందాం. "కుటుంబ విలువలను చాటిన చిత్రం" అని రాస్తే చదివేవాడికి ఏమీ దక్కదు. విందులో నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన మాట పట్టింపుతో బావాబామ్మర్దులు ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోని ఇల్లు అది. ఆ ఇంటి తాత పోయాక పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. "మనుషులే ఒకరి చేతి ముద్ద ఒకరు ముట్టని ఇంట్లో కాకి మాత్రం ఎందుకు ముడుతుంది?" అని రాసి చూడు. నవ్వు వస్తుంది, సినిమాను ఎలా అల్లారో కూడా తెలుస్తుంది. చివర బుడగజంగాల పాట వచ్చినప్పుడు నేను కండువాతో కళ్లు ఒత్తుకున్నాను. అయినా, అప్పు తీర్చుకోవడానికి పెళ్లి లెక్కలు వేసిన ఆ ఇంటి మనవడు సాయిలు మనసు మారిన తీరు మాత్రం నాకు తొందరపాటుగానే తోచింది. ఈ రెండూ ఒకే సమీక్షలో ఉండాలి. ఏడ్చిన మాట రాసినందుకు తీర్పు పలచబడదు, తప్పు పట్టినందుకు ప్రేమ తగ్గిపోదు.

ఇక పని పద్ధతి. మొదటిసారి జనంతో కలిసి చూడు, నవ్వు ఎక్కడ లేచిందో, కుర్చీలు ఎక్కడ కదిలాయో విను. వీలైతే రెండోసారి ఒంటరిగా చూసి కూర్పు, ఛాయాగ్రహణం, శబ్దం గమనించు. చీకట్లో పూర్తి వాక్యాలు రాయాలని చూడకు. పేజీకి ఒక్క మాట పెద్ద అక్షరాలతో రాసుకో, బయటికి రాగానే ఆ మాటల చుట్టూ మిగతాది నింపు. కథకు మూడు వాక్యాలు మించి ఖర్చు పెట్టకు, మలుపు ఎప్పుడూ బయటపెట్టకు. నక్షత్రాలు వేయమని పత్రిక వాళ్లు అడిగితే వేయి, కానీ రాయడం పూర్తయ్యాకే వేయి.

"నేపథ్య సంగీతం బాగుంది" అన్నావు చూడు, ఆ వాక్యం కోసం సినిమాకు మళ్లీ వెళ్లు. ఏ సన్నివేశంలో, ఏ వాద్యం, ఎవరి మాట ఆగాక మొదలైందో రాసుకో. దసరా సెలవులకు వచ్చేటప్పుడు తిరగరాసిన ఆ పేరా వెంట తెచ్చుకో. ఆ సినిమా నేనింకా చూడలేదు, నీ పేరా చదివాకే వెళ్తాను.

మీ పెద్దబాపు