తొక్క పిండిలోకి, రసం పైపూతలోకి

చిరంజీవి అమ్మాయికి పిన్ని ఆశీస్సులు.

నారింజ, మసాలా దినుసులతో బార్లు, అంటే ట్రేలో కేకులా కాల్చి ముక్కలుగా కోసేవి, చేయబోతున్నానని నువ్వు రాసినప్పటి నుంచి ఒక మాట చెప్పాలని ఆత్రంగా ఉంది. పండు రసాన్ని పిండిలో పోయకు. నారింజకు ఆ సువాసన వచ్చేది తొక్క పైపొరలో ఉండే నూనె నుంచి. రసం పోస్తే పిండి పలచబడుతుంది, బార్లకు ఉండాల్సిన చిక్కదనం పోతుంది. ఇంతా చేస్తే ఓవెన్ వేడికి ఆ రసం రుచి పేలవమవుతుంది. రసాన్ని పైన పోసే గ్లేజు, అంటే పంచదార పూత కోసం దాచుకో.

ఒక నారింజ, ఒక నిమ్మకాయ కడిగి, తడి లేకుండా తుడిచి, సన్నటి కోరు మీద రంగు పొరను మాత్రమే గీరు. ఒక చోట ఒక్కసారి గీరగానే కాయను తిప్పెయ్యి. కింద తెల్లపొర తగిలిందంటే చేదు వస్తుంది, ఎంత తీపి వేసినా అది పోదు. ఆ తురుమును 150 గ్రాముల పంచదారలో వేసి వేళ్లతో బాగా రుద్దు. పలుకుల రాపిడికి తురుములోని నూనె బయటికి వస్తుంది. కాసేపటికి పంచదార తడి ఇసుకలా ముద్దకడుతుంది, రంగు తిరుగుతుంది, వాసన గుప్పుమంటుంది. మొత్తం వంటలో నాకు బాగా ఇష్టమైన పని ఇదే. చెంచాతో కలిపి సరిపెట్టకు.

115 గ్రాముల వెన్న కరిగించి, మంట ఆపాక దాల్చినచెక్క పొడి ఒక టీస్పూను, సొంఠి పొడి అర టీస్పూను, జాజికాయ పొడి పావు టీస్పూను అందులోనే వెయ్యి. దినుసుల పరిమళం కొవ్వులో బాగా కరుగుతుంది కాబట్టి, పిండిలో కలపడం కన్నా ఇదే మేలు. లవంగం పొడి చిటికెడు దాటనివ్వకు. కాస్త ఎక్కువైనా నారింజను మింగేస్తుంది.

వెన్న గోరువెచ్చగా అయ్యాకే పంచదార, రెండు గుడ్లు కలుపు. వేడి మీద కలిపితే గుడ్డు ఉడికి పలుకులవుతుంది. తర్వాత 150 గ్రాముల మైదా, అర టీస్పూను బేకింగ్ పౌడర్, పావు టీస్పూను ఉప్పు. పొడిపిండి కనబడకుండా పోయిన వెంటనే చెయ్యి ఆపు. ఇంకా కలిపితే మైదాలోని గ్లూటెన్ అనే జిగురు బిగుసుకుని బార్లు సాగుతాయి. కొలతలకు కప్పుల కన్నా చిన్న తూకం యంత్రం నమ్మదగినది. కప్పులో పిండిని అదిమితే ఒక బరువు, వదులుగా పోస్తే మరో బరువు.

20 సెంటీమీటర్ల చదరపు లోహపు ట్రేలో బేకింగ్ కాగితం అంచుల పైకి వచ్చేలా పరిచి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టు. 20 నిమిషాలకే పుల్ల గుచ్చి చూడు. పచ్చి పిండి అంటితే ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచు, రెండు మూడు తడి పలుకులు మాత్రమే అంటితే తీసెయ్యి. పుల్ల పొడిగా వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, ఎందుకంటే బయటికి తీశాక కూడా ట్రే వేడికి కొంత ఉడుకుతుంది.

ఇక ఓపిక పట్టాలి. పూర్తిగా చల్లారకుండా గ్లేజు పోస్తే అది కరిగి లోపలికి ఇంకిపోతుంది, పైన తెల్లటి పొర నిలవదు. 100 గ్రాముల ఐసింగ్ షుగర్ (మెత్తటి పంచదార పొడి) జల్లించి, మూడు టీస్పూన్ల నిమ్మరసంతో మొదలుపెట్టి, ఆపైన చుక్కలు చుక్కలుగా పోస్తూ కలుపు. చెంచాతో ఎత్తి వదిలితే తెగకుండా జారాలి, గిన్నెలో పడిన గీత కాసేపు కనబడి కలిసిపోవాలి. మరీ పలచనైతే ఇంకాస్త ఐసింగ్ షుగర్ వెయ్యి. నారింజ రసం కన్నా నిమ్మరసమే నాకు నచ్చుతుంది, ఆ పులుపు తీపిని అదుపులో పెడుతుంది.

గ్లేజు ఆరాక కాగితం అంచులు పట్టుకుని పైకి తీసి, పెద్ద కత్తితో కోసి, ప్రతి కోతకూ కత్తి తుడుచుకో. దినుసుల రుచి మర్నాటికి ఇంకా కుదురుతుంది కాబట్టి, అతిథులు వచ్చే రోజుకు ముందు రోజే చేసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టు. ఇంకా ముందుగా చేసుకోవాలంటే గ్లేజు పోయకుండా ఫ్రీజర్‌లో దాచి, బయట పెట్టి చల్లదనం పూర్తిగా పోయాక పోసుకో.

ఆశీస్సులతో,
పిన్ని