పర్లాకిమిడి తెలుగువారికి ఏప్రిల్ 1, ఆగస్టు 29 ఎందుకు ముఖ్యమైనవి?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్న పర్లాకిమిడి, బరంపురం అందులో చేరాయి. కనుక ఒడిశా ఆవిర్భావ దినమైన ఉత్కళ దినోత్సవం ఇక్కడి తెలుగువారికి తమ ఊళ్లు సరిహద్దుకు అవతల నిలిచిపోయిన రోజు కూడా.

ఆగస్టు 29, అంటే తెలుగు భాషా దినోత్సవం, గిడుగు వెంకట రామమూర్తి జయంతి. 1863లో శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చి, వ్యావహారిక తెలుగు కోసం దీర్ఘకాలం పోరాడారు. తెలుగు పండుగకు మూలమైన ఆ కృషిలో అధిక భాగం నేటి ఒడిశా గడ్డపైనే సాగిందన్న సంగతి, నా ఉద్దేశంలో, సభల్లో తగినంతగా వినిపించదు. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని వ్యతిరేకించిన గిడుగు 1936లోనే ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు.