గొడుగు మనిషికి వన్స్‌మోర్

ఇంగ్లిష్ పాటలు ఒక్క ముక్క అర్థం కాకపోయినా చూడదగ్గ కచేరీ డాక్యుమెంటరీ ఏదైనా ఉందా అన్నారు. ఉంది. 1973లో వచ్చిన 'వాట్‌స్టాక్స్'. మా నాన్నే సాక్ష్యం.

అమ్మానాన్నా తెనాలి నుంచి అమెరికాలో మా దగ్గరికొచ్చిన ఏడాది, ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చూస్తుంటే ఆయనా వచ్చి కూర్చున్నారు. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లో నల్లజాతివాళ్లుండే వాట్స్ పేటలో అల్లర్లు జరిగి 34 మంది చనిపోయారు. ఏడేళ్ల తర్వాత, దాన్ని తలుచుకుంటూ స్టాక్స్ రికార్డుల కంపెనీ అక్కడి కొలీజియం స్టేడియంలో పెట్టిన కచేరీ ఇది. టికెట్ ఒక్క డాలర్. లక్ష మంది పైనే వచ్చారు. మా ఊళ్లో తెలుగు సంబరాలైతే ముందు పది వరసలూ దాతలకే, పాట మధ్యలో శాలువాలు! సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

కిమ్ వెస్టన్ అమెరికా జాతీయ గీతం పాడుతుంటే జనంలో చాలామంది కూర్చునే ఉన్నారు. "అదేంట్రా, లేవరా?" అన్నారు నాన్న. కాసేపటికి ఆమే నల్లజాతి జాతీయ గీతమనే 'లిఫ్ట్ ఎవ్రీ వాయిస్ అండ్ సింగ్' ఎత్తుకుంది. స్టేడియమంతా లేచి పిడికిళ్లు ఎత్తింది. నాన్న ఇంకేం అడగలేదు. నేను అమెరికా వచ్చిన కొత్తలో "ఆ పేటల వైపు పోకు" అని జాగ్రత్తలు చెప్పిన మనవాళ్లలో ఒక్కడూ అటు పోయి చూసినవాడు కాదు, రాసిస్తాను.

మధ్యమధ్యలో హాస్యగాడు రిచర్డ్ ప్రయర్ వస్తాడు, నోటినిండా బూతులే. నాన్నకి అర్థం కాదని తెలిసినా రిమోట్ మీద చెయ్యి ఆగలేదు.

అసలు సంగతి గాయకుడు రూఫస్ థామస్. యాభై అయిదేళ్ల మనిషి, గులాబీ రంగు నిక్కరు, తెల్ల బూట్లు. ఆయన కోడి డాన్స్ మొదలుపెట్టగానే జనం కంచె దూకి గ్రౌండ్‌లోకి వచ్చేశారు. అది ఫుట్‌బాల్ గ్రౌండ్, గడ్డి మీద అడుగు పడకూడదు. ఆయన కోప్పడలేదు. మైకులోనే ఆటపట్టిస్తూ, బతిమాలుతూ అన్ని వేలమందినీ వెనక్కి పంపేశాడు. చివరికి ఒకాయన మాత్రం గొడుగుతో గడ్డి మీద మిగిలిపోయాడు. ఇక రూఫస్ అతన్ని మాటలతో పట్టుకున్నాడు చూడండి!

"పద్యనాటకంలో స్టేజీ ఎక్కిన తాగుబోతుని మా హార్మోనిస్టు ఇలాగే దించేవాడ్రా," అంటూ నాన్న కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

తర్వాత పెద్ద గాయకుడు ఐజాక్ హేస్ మెడనిండా బంగారు గొలుసులతో వచ్చాడు. నాన్న అటు చూడనే లేదు. "ముందు ఆ గొడుగు వాడిది వన్స్‌మోర్ వెయ్యి" అన్నారు.