డాక్టర్ సలహా: సయాటికా ఇంకా పూర్తిగా తగ్గలేదు... రోజూ ఆఫీసుకు స్పోర్ట్స్ కారులో వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 38, ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఐదు నెలల క్రితం నడుము నొప్పి మొదలై ఎడమకాలి మడమ దాకా పాకింది. ఎల్5-ఎస్1 దగ్గర (నడుము చివరి వెన్నుపూసకూ దాని కింది ఎముకకూ మధ్య) మెత్తలా ఉండే డిస్కు ఎడమవైపు ఉబ్బిందని ఎమ్మారైలో తేలింది. ఫిజియోథెరపీతో చాలావరకు తగ్గింది కానీ, ఎక్కువసేపు కూర్చుంటే పిక్కలో తిమ్మిరి వస్తోంది. రాత్రిపూట నరాల నొప్పి మందు గాబాపెంటిన్ 300 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. డల్లాస్ డౌన్‌టౌన్‌లో ఆఫీసు. ట్రాఫిక్‌లో వెళ్లడానికి గంట, రావడానికి గంట. స్పోర్ట్స్ కారు నా చిరకాల కోరిక. 2017 మోడల్ మాజ్డా మియాటా, సాఫ్ట్ టాప్ (మడిచే గుడ్డ పైకప్పు), మాన్యువల్ గేర్లది సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. లేదంటే కొత్త టయోటా జీఆర్86 తీసుకోవాలనుంది. వారానికి రెండు రోజులు మా నాలుగేళ్ల పాపను ప్రీస్కూల్లో దించేది నేనే. నా నడుముకు ఏది మంచిది?
- ఒక పాఠకుడు

జవాబు: ఈ రెండింటిలోనే ఎంచుకోవాలంటే జీఆర్86 తీసుకోండి. అదీ ఆటోమేటిక్, 17 అంగుళాల చక్రాలున్న బేస్ మోడల్. కానీ ఈ నెలలో కొనకండి. ఎందుకో వివరంగా చెబుతాను. మీ సమస్య నడుము దగ్గరే ఆగిపోలేదు, కాలిలోకి వెళ్లే నరం దాకా వెళ్లింది. దీన్నే సయాటికా అంటాం. కారు ఎంపికకు అదే కీలకం.

సయాటికా ఉందో లేదో చూడటానికి మేం చేసే స్లంప్ టెస్ట్ మీకు ఫిజియోథెరపీలో చేసే ఉంటారు. కూర్చోబెట్టి, వీపు గూనిగా వంచమని, గడ్డం ఛాతీకి ఆనించి, మోకాలు చాపమంటాం. అలా చాపినప్పుడు నరం వెన్ను నుంచి పాదం దాకా లాగినట్టవుతుంది. వాచి ఉన్న నరమైతే పిక్కలోకి జివ్వున లాగుతుంది. ఇప్పుడు స్పోర్ట్స్ కారు సీటును ఊహించుకోండి. సీటు నేలకు దగ్గరగా ఉంటుంది, కాళ్లు ముందుకు చాచుకునే ఉంటాయి. అక్కడ నడుము కింది భాగం కాస్త వెనక్కి జారిందంటే మీరు కూర్చున్నది అచ్చంగా ఆ పరీక్ష భంగిమే. పైగా క్లచ్ తొక్కేది ఎడమకాలు. మీ నొప్పీ ఎడమకాలిదే. ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో నిమిషానికి మూడుసార్లు తొక్కారనుకున్నా గంటకు 180 సార్లు, రానూపోనూ 360 సార్లు మోకాలు చాపినట్టు. పాదంతో కిందికి నొక్కే పిక్క కండరాలకు ఆదేశం వెళ్లేది కూడా ఎక్కువగా వెన్ను అడుగు నుంచి కాలిలోకి వచ్చే ఎస్1 నరం నుంచే. మీకు నొక్కుకుపోయింది ఆ నరమే. మాన్యువల్ గేర్ల సరదా నాకు అర్థమవుతుంది. అయినా ఈ ఏడాదికి వద్దనే చెబుతాను.

ఇక 2017 మియాటా. ఆ తరం మియాటాకు 2018 మోడల్ దాకా స్టీరింగ్ పైకీ కిందికీ కదులుతుంది తప్ప ముందుకు, వెనక్కి రాదు. ఆ సౌకర్యం 2019 మోడల్ నుంచి వచ్చింది. మీ ఎత్తుకు కాళ్లు పట్టాలంటే సీటును బాగా వెనక్కి జరపాలి. అప్పుడు స్టీరింగ్ దూరమవుతుంది, చేతులు చాపాలి, భుజాలు సీటును వదిలి ముందుకు వస్తాయి. నడుము మళ్లీ గూనే. పోనీ సీటు వీపును సర్దుకుందామంటే, వెనకాలే గోడలాంటి బాడీ ఉంది కాబట్టి వాల్చడానికి పెద్దగా చోటుండదు. మియాటానే కావాలని మనసు లాగితే కనీసం 2019 లేదా ఆ తర్వాతి మోడల్, ఆటోమేటిక్‌ది చూడండి. జీఆర్86లో స్టీరింగ్ రెండు రకాలుగానూ కదులుతుంది, డ్రైవర్ సీటు ఎత్తు కూడా పెంచుకోవచ్చు. సీటు రెండు అంగుళాలు లేచినా మోకాలు ఆ మేరకు వంగుతుంది, నరం వదులవుతుంది.

కుదుపుల సంగతి. కూర్చున్న మనిషి వెన్నెముక సెకనుకు 4 నుంచి 6 సార్లు వచ్చే కుదుపులకు ఎక్కువగా ఊగుతుంది. సీటు ఎంత కదిలితే అంతకు మించి నడుము కదులుతుంది. 15 అడుగులకొక అతుకున్న కాంక్రీట్ రోడ్డు మీద గంటకు 60 మైళ్ల వేగంతో వెళ్తే సెకనుకు దాదాపు 6 దెబ్బలు, 45 మైళ్లతో వెళ్తే 4 పైచిలుకు. అంటే సరిగ్గా నడుముకు పడని లెక్కలోనే. గట్టి స్ప్రింగులు, పలుచని టైర్లు ఆ దెబ్బను అలాగే సీటులోకి పంపిస్తాయి. అందుకే 17 అంగుళాల చక్రాలన్నాను. జీఆర్86 బేస్ మోడల్ టైరు 215/45 ఆర్17, దాని పక్కగోడ ఎత్తు సుమారు 97 మిల్లీమీటర్లు. ప్రీమియం మోడల్ 18 అంగుళాల టైరు 215/40, పక్కగోడ 86 మిల్లీమీటర్లే. ఆ సెంటీమీటరు రబ్బరు, అందులోని గాలి మీ డిస్కుకు మెత్తలాంటివి. టైర్లలో గాలి డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్నంతే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి నింపండి. అందం కోసం స్ప్రింగులు మార్చి కారును కిందికి దింపే పని మాత్రం పెట్టుకోవద్దు.

పాప విషయం మీరు చివర్లో రాశారు కానీ, నేను ముందు చూసింది అదే. మియాటాలో వెనక సీటే లేదు. 13 ఏళ్లలోపు పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలని అమెరికాలో పిల్లల డాక్టర్లు చెబుతారు కాబట్టి ఆ రెండు రోజులకు అది పనికిరాదు. జీఆర్86లో వెనక సీటుంది కానీ తలుపులు రెండే. ముందు సీటు వంచి, లోపలికి దూరి, ఒంగి, పక్కకు తిరిగి పాప బెల్టు పెట్టాలి. ఒంగడం, మెలి తిరగడం, బరువెత్తడం ఒకేసారి జరగడమే డిస్కుకు అన్నిటికంటే చేటు. అదీ పొద్దున్నే. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది. లేచిన మొదటి గంటలో ఒంగితే దాని మీద ఒత్తిడి మామూలుకంటే ఎక్కువ. ఆ రెండు రోజులు ఇంట్లో ఉన్న నాలుగు తలుపుల కారు మీరు తీసుకెళ్లండి. ఈ ఏర్పాటు కుదరదంటే మాత్రం రెండు స్పోర్ట్స్ కార్లూ వద్దు. కాస్త ఎత్తుగా ఉండే సెడానో, చిన్న ఎస్‌యూవీయో చూసుకోండి.

కొనే ముందు మీ కాలు సిద్ధంగా ఉందో లేదో చూసుకోవాలి. మోకాలి కింద నొప్పి, తిమ్మిరి లేకుండా వరసగా ఆరు వారాలు గడవాలి. మామూలు కుర్చీలో గంటసేపు కూర్చోగలగాలి. గోడకు చేయి ఆనించి ఎడమకాలి మునివేళ్ల మీద ఒంటికాలితో పదిసార్లు లేవండి. కుడికాలితో లేచినంత సులువుగా ఉండాలి. మడమ సగం లేచి పడిపోతుంటే ఎస్1 నరం ఇంకా కోలుకోలేదన్నమాట. అప్పుడు కారు మాట పక్కనపెట్టి ముందు మీ డాక్టరును కలవండి.

షోరూమ్ వాళ్లు ఇచ్చే పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో మీ నడుము గురించి ఏమీ తెలియదు. అదే మోడల్‌ను రెండు రోజులు అద్దెకు తీసుకుని, మీ ఆఫీసు దారిలోనే, మీరు వెళ్లే వేళకే నడపండి. బయల్దేరేటప్పుడు, అరగంటకు, దిగాక, మర్నాడు పొద్దున నొప్పి ఎంతుందో సున్నా నుంచి పదిలోపు అంకె వేసుకోండి. నడుముకు, కాలికి విడివిడిగా. నడిపేటప్పుడు మనసులో అనుకుని, ఆగాక రాసుకోండి. నడుము కొంచెం పట్టేసి, దిగాక అరగంటలో వదిలితే ఫర్వాలేదు. కాలి అంకె ఒకటి పెరిగినా, తిమ్మిరి పిక్క నుంచి పాదంలోకి దిగినా ఆ కారు మీకు పడదు.

సీటు ఇలా సర్దుకోండి. పిరుదులు వెనక్కి ఆనేదాకా జరిగి కూర్చోవాలి. వెనక జేబులో పర్సు, ఫోన్ ఉండకూడదు. చేతి తువ్వాలును చుట్టగా చుట్టి, ఆనుకుంటే నాలుగైదు సెంటీమీటర్ల మందం ఉండేలా చూసి, బెల్టు పెట్టుకునే చోటికి కాస్త పైన పెట్టండి. సీటు వీపు నిటారుకు కొంచెం వెనక్కి, 100 నుంచి 110 డిగ్రీల మధ్య. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు వంగే ఉండాలి. భుజాలు సీటును వదలకుండా మణికట్టు స్టీరింగ్ పై అంచుకు అందాలి. అందకపోతే స్టీరింగ్‌నే దగ్గరకు లాక్కోండి.

దిగడంలోనే చాలామందికి పట్టేస్తుంది. ముందు సీటు వెనక్కి జరపండి. రెండు మోకాళ్లూ దగ్గరగా పెట్టి, నడుమూ కాళ్లూ కలిపి ఒకేసారి బయటికి తిప్పండి. రెండు పాదాలూ నేల మీద ఆనాక, ఒక చేయి సీటు మీద, ఒక చేయి తలుపు ఫ్రేమ్ మీద పెట్టి తొడల బలంతో లేవండి. జీఆర్86 తలుపు పొడవు. ఆఫీసు గ్యారేజీలో రెండు కార్ల మధ్య ఇరుక్కుంటే ఇవేవీ కుదరవు, మెలికలు తిరుగుతూ దిగాల్సి వస్తుంది. దూరమైనా చివరి స్లాటులో పెట్టుకోండి. దిగిన వెంటనే డిక్కీలోంచి బ్యాగు లాగకండి. గంటసేపు వంగి సాగిన లిగమెంట్లు సర్దుకోవడానికి రెండు మూడు నిమిషాలు నడిచి, అప్పుడు తీసుకోండి.

ఎప్పుడైనా ఓపెన్ టాప్ కారు తీసుకుంటే హైవే మీద టాప్ వేసుకోండి. తీసి నడిపితే గాలి హోరు 85 డెసిబుల్స్ దాటవచ్చు. రోజూ రెండు గంటలంటే చెవులకు మంచిది కాదు.

గాబాపెంటిన్ వల్ల కొందరికి పొద్దున కూడా మత్తుగా ఉంటుంది. అలా అనిపించిన రోజు డ్రైవింగ్ వద్దు. మోతాదు పెంచడం, ఉన్నట్టుండి మానేయడం సొంతంగా చేయకండి.

మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ తగ్గడం, రెండు కాళ్లలోనూ బలహీనత, పాదం పైకి లేవకపోవడం... వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా, మీరు నడపకుండా, ఎవరితోనైనా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. నరాల గుత్తి నొక్కుకుపోయినప్పుడు ఎంత త్వరగా ఆపరేషన్ చేస్తే మూత్రం మీద పట్టు, కాళ్లలో బలం నిలిచే అవకాశం అంత ఎక్కువ.