పీఈ 12 ఉన్న రొయ్యల మేత కంపెనీ షేరు చవకేనా?

అప్పుడే చవక అనుకోకండి. షేరు ధరను గత నాలుగు త్రైమాసికాల్లో ఒక్కో షేరుకు వచ్చిన లాభంతో భాగిస్తే వచ్చేదే పీఈ. ధర 600, లాభం 50 అయితే పీఈ 12. కోనసీమలో కొబ్బరి తోట కొనేవాళ్లు ఏటా వచ్చే రాబడికి ఎన్ని రెట్లు ధర చెబుతున్నారో చూస్తారు కదా, ఇదీ అంతే.

చిక్కంతా ఆ లాభం దగ్గరే. కొవ్వూరులో ఫ్యాక్టరీ ఉన్న అవంతి ఫీడ్స్ లాంటి కంపెనీల లాభాలు మేతలో వాడే ఫిష్‌మీల్ (చేపల పొడి), సోయా ధరలను బట్టి ఊగుతాయి. భీమవరం వైపు చెరువులకు తెల్లమచ్చల వైరస్ తగిలినా, 2025లోలా మన రొయ్యలపై అమెరికా సుంకాలు పెంచినా రైతులు పిల్ల వేయడం తగ్గిస్తారు, మేత అమ్మకాలు పడిపోతాయి. అందుకే ఇలాంటి వ్యాపారాల్లో లాభం బాగా పెరిగి ఉన్నప్పుడే పీఈ తక్కువగా కనిపిస్తుంది. ఆ 50 కాస్తా 20కి పడితే, అదే 600 ధరకు పీఈ 30! ఐదారేళ్ల సగటు లాభంతో లెక్కేసి చూడండి. స్థలం అమ్మితే ఒక్కసారి వచ్చిన డబ్బేమైనా లాభంలో కలిసిందేమో కూడా చూడాలి. పోలిస్తే ఇంకో మేత కంపెనీతోనే పోల్చండి, సాఫ్ట్‌వేర్ కంపెనీతో కాదు. నష్టాల్లో ఉన్న కంపెనీకైతే పీఈ లెక్కే పనికిరాదు.