పుష్కరాల రేవా? పుష్కర్ ఘాటా?

సందేహం: రాజమహేంద్రవరంలో కోటగుమ్మం చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లం కొందరం కలిసి, గోదావరి గట్టును ఆనుకుని ఉన్న పాత వీధుల గురించి చిన్న పుస్తకం వేస్తున్నాం. మా పెద్దవాళ్లంతా ‘పుష్కరాల రేవు’ అనేవారు. ఇప్పుడు బోర్డుల మీదా పత్రికల్లోనూ ‘పుష్కర్ ఘాట్’ అనే కనిపిస్తోంది. మేం ఏది వేయాలి? పేట, వీధి, సందు అనే మాటలకు తేడా ఉందా, ఏది వాడినా ఒకటేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: మీ పెద్దవాళ్ల మాటే వేయండి. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టాలి.

‘ఘాట్’ అపశబ్దమేమీ కాదు. సంస్కృతంలో ‘ఘట్టం’ అంటే నీళ్లలోకి దిగే చోటు, పడవ ఆగే చోటు. అదే హిందీకి వెళ్లి ఘాట్ అయింది. మనకు మాత్రం ఆ ఘట్టం సంస్కృతం నుంచి నేరుగానే వచ్చింది. వచ్చి ఇక్కడ ఇంకో దారి పట్టింది. ‘సీతాపహరణ ఘట్టం’ అంటాం, ‘ఉద్యమంలో కీలక ఘట్టం’ అంటాం. మెట్టు మెట్టుగా దిగే చోటు కనుక కథలో ఒక్కో మెట్టూ ఘట్టమైందని నా ఊహ. ఈ సంస్కృత ఘట్టానికే మూలం ద్రావిడ భాషల ‘కట్టు’, మన ‘గట్టు’ కావచ్చునన్న వాదం కూడా ఉంది. దాన్ని తలకెత్తుకోను, తోసిపుచ్చనూ లేను. గోదావరి గట్టు మీద నిలబడి ఆలోచిస్తే మాత్రం ఆ వాదం మీద మనసు పోతుంది.

ఘట్టం పాత అర్థాన్ని చెక్కుచెదరకుండా దాచిపెట్టిన న్యాయం (శాస్త్రాల్లో సామెతలా వాడే ఉపమానం) ఒకటుంది: ఘట్టకుటీ ప్రభాత న్యాయం. ఘట్టకుటి అంటే రేవు దగ్గర సుంకం వసూలు చేసే గుడిసె. సరుకుతో బయల్దేరిన వర్తకుడు సుంకం ఎగ్గొడదామని అడ్డదారి పట్టి, చీకట్లో రాత్రంతా తిరిగి, తెల్లవారేసరికి సరిగ్గా ఆ గుడిసె ముందే తేలాడట. తప్పించుకోవాలనుకున్న చోటికే వచ్చి పడడాన్ని శాస్త్రకారులు ఈ న్యాయంతో చెబుతారు. వాదంలో ఎదుటివాడు తాను కాదన్న మాటే చివరికి ఒప్పుకోవలసి వస్తే, వ్యాఖ్యాతలు ఈ ఒక్క సమాసంతో అతని నోరు కట్టేస్తారు. మన భాషకు ఇంత పదునైన సామగ్రి ఉండగా చదువుకున్నవాళ్లే దాన్ని మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది. న్యాయం సంగతి అటుంచినా, నది ఒడ్డున పుట్టిన ఊళ్ల గుట్టు అందులో ఉంది. సుంకం, బేరం, ప్రయాణం, స్నానం, అన్నీ రేవులోనే. మీ ఊరికి 1900లో హేవలాక్ వంతెన వచ్చేదాకా అటు కొవ్వూరుకు వెళ్లాలంటే పడవ ఎక్కవలసిందే. ఊరికి ముఖద్వారం రేవే.

ఇక రేవు. తెలుగులో దాని సంతతి చూడండి. ఓడరేవు, పడవల రేవు, నీళ్ల రేవు, చాకిరేవు. చీరాల దగ్గర ఊరి పేరే ఓడరేవు, కాకినాడ దగ్గర తాళ్లరేవు. పడవ దాటించే హక్కును వేలం వేస్తే అది ‘రేవు పాట’. ఒకణ్ణి ఎడాపెడా తిట్టిపోస్తే ‘చాకిరేవు పెట్టాడు’. ఇంత సంతానమున్న మాటను పక్కకు నెట్టి, చాకిరేవును సైతం ‘ధోబీ ఘాట్’ అని రాస్తున్నారు! అచ్చతెలుగు మాట రాస్తే పల్లెటూరి వాసన వస్తుందని భయం కాబోలు. ఆ భయం వదిలించుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. 1948లో యమున ఒడ్డున గాంధీజీకి అంత్యక్రియలు జరిగిన చోటు రాజ్‌ఘాట్. దాన్ని చూసి నాయకుల సమాధులన్నిటికీ ఘాట్ అని పేరు పెట్టడం అలవాటైంది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఎన్టీఆర్ ఘాట్ ఉంది, అక్కడ స్నానానికి ఎవరూ దిగరు. అంటే నేటి తెలుగులో ‘ఘాట్ దగ్గర నివాళి’ అంటే సమాధి, ‘ఘాట్ దగ్గర రద్దీ’ అంటే రేవు. ‘రేవు’కు ఈ గందరగోళం లేదు.

అలాగని అన్నిచోట్లా ఘాట్‌ను తరిమేయమనను. కాశీలో దశాశ్వమేధ ఘాట్ అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు, దాన్ని తెనిగించనక్కర్లేదు. తిరుమల ఘాట్ రోడ్డు కూడా జనం నోట స్థిరపడింది. కనుమదారి అంటే నాకు ఇష్టమే గాని పట్టుబట్టను. మీ రేవు సంగతి వేరు, దానికి పేరు ముందే ఉంది. పుస్తకంలో ఒకచోట ‘ఇప్పుడు పుష్కర ఘాట్ అంటున్నారు’ అని చెప్పడం చదివేవాళ్లకు అవసరమే. అప్పుడు కూడా ‘పుష్కర’ అని చివర అకారం పలికేలా రాయండి. ‘పుష్కర్’ రాజస్థాన్‌లోని ఊరు. 2027 గోదావరి పుష్కరాలకు బోర్డులు ఎలాగూ మళ్లీ రాస్తారు, రాసేవాళ్లు ఈ ఒక్క అక్షరం దిద్దినా సంతోషమే.

పేట, వీధి, సందు ఒకటి కావు. కోట బయట బేరసారాల కోసం వెలసింది పేట. తమిళంలో పేట్టై, కన్నడంలో పేటె ఈ కుదురువే; బెంగళూరు చిక్కపేటె, బళేపేటె నేటికీ బజార్లే. మీ ఊళ్లో అయితే ఋజువు పేరులోనే ఉంది: మంగళవారపుపేట, లక్ష్మీవారపుపేట. వారం పేరు పేటకు అంటుకుందంటే అది సంత జరిగిన రోజని అర్థం చేసుకోవడమే సబబు. తర్వాత్తర్వాత ఇళ్లు పెరిగి, పేట అంటే నివాసప్రాంతమనే అర్థం మిగిలింది. అందుకే ఇన్నీసుపేట అని దొర పేరును కూడా దానికి తగిలించగలిగారు.

వీధి సంస్కృత ‘వీథి’ నుంచి వచ్చింది, అసలు అర్థం వరుస. ఇళ్ల వరుస కనుక అందులో ఉండేవాళ్ల ఇంటిపేరే దానికీ వచ్చింది: వంకాయలవారి వీధి, గుండువారి వీధి. (దశరూపకాల్లోని, అంటే సంస్కృత నాటకాల పది రకాల్లోని ‘వీథి’ వేరు. క్రీడాభిరామం వీథి, వీధినాటకం కాదు. ఈ రెంటినీ కలిపేసి రాసేవాళ్లు ఎక్కువయ్యారు.) సందు ‘సంధి’కి వికృతి, రెండు వరుసల నడుమ ఇరుకుదారి. నల్లమందు సందును ‘నల్లమందు స్ట్రీట్’ అంటే దాని ఇరుకూ పోతుంది, చరిత్రా పోతుంది. నల్లమందు దుకాణం ఎక్కడుండేదో అక్కడి పెద్దవాళ్లను అడిగి రాయండి.

చివరగా ఒక మనవి. అచ్చుకిచ్చేటప్పుడు లక్ష్మీవారపుపేటను ఎవరైనా ‘గురువారపుపేట’గా దిద్దబోతే ఒప్పుకోకండి. మీ జిల్లాల్లో గురువారం లక్ష్మివారమే. ఆ పేటకు పేరు పెట్టినవాళ్లు ఆ మాటే అన్నారు.